డిస్క్ ఇమేజ్ మార్చేటప్పుడు ఖాళీ జాగాను మోయకుండా ఉండటం ఎలా?

తిరుపతి కాలేజీల ల్యాబుల్లో పనిచేసేవారు, చిత్తూరు వైపు మామిడి గుజ్జు యూనిట్లలో కంప్యూటర్లు చూసుకునేవారు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "లోపల 70 జీబీ కూడా లేదు, ఇమేజ్ మాత్రం 500 జీబీ వచ్చింది. మార్చడానికి రాత్రంతా పట్టింది. తగ్గించే దారి లేదా?" దారి ఉంది. ఫోనులో ఒక్కొక్కరికి విడిగా చెప్పేకన్నా పద్ధతి మొత్తం ఒకచోట ఉంటే మేలని ఇది రాస్తున్నాను. డిస్క్ ఇమేజ్ అంటే ఒక డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా పెట్టుకున్నది. వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్, దాన్నే తన డిస్కుగా వాడుకుంటుంది. మార్చడం అంటే ఆ ఇమేజ్‌ను ఒక ఫార్మాట్ నుంచి మరో ఫార్మాట్‌లోకి రాయడం.

ముందు ఒక లెక్క చూడండి. యూఎస్‌బీ 2.0 పోర్టుకు తగిలించిన డిస్కు సెకనుకు 35 ఎంబీ రాస్తుందనుకుందాం. 500 జీబీ రాయడానికి దాదాపు 4 గంటలు పడుతుంది. 70 జీబీ అయితే అరగంట దాటి కొంచెం. పంట దిగే రోజుల్లో గుజ్జు యూనిట్ లెక్కల కంప్యూటర్‌ను 4 గంటలు ఆపడం ఎంత కష్టమో అక్కడ పనిచేసేవారికి వేరే చెప్పనక్కరలేదు.

సిద్ధాంతం ఇంత తెలిస్తే చాలు

మనది యాత్రికుల ఊరు కనుక వసతి గదులతో పోల్చి చెబుతాను. డిస్కులో "ఖాళీ" మూడు రకాలు.

మొదటిది, ఇంతవరకు ఎవరికీ ఇవ్వని గది. రిజిస్టరు చూస్తేనే ఖాళీ అని తెలుస్తుంది, తలుపు తీయనక్కరలేదు. ఫైల్ సిస్టంలో (డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే ఏర్పాటులో) దీన్ని రంధ్రం అంటారు. రెండోది, రిజిస్టరులో నిండినట్లు రాసి ఉన్నా లోపల ఏమీ లేని గది. తలుపు తీసి చూస్తేగాని తెలియదు. ఇవి డిస్కు మీద నిజంగా రాసిన సున్నాలు. మూడోది, యాత్రికులు వెళ్ళిపోయినా వారి చెత్త, పాత సంచులు అలాగే పడి ఉన్న గది. మీరు డిలీట్ చేసిన ఫైళ్ళ జాగా ఇదే. డిలీట్ చేస్తే పేరు పోతుంది, బైట్లు అక్కడే ఉంటాయి.

మార్పిడి సాధనం మొదటి రకాన్ని చదవకుండానే దాటేస్తుంది. రెండో రకాన్ని చదివి, సున్నాలని గుర్తించి, రాయకుండా వదిలేస్తుంది. మూడో రకం దాని దృష్టిలో అసలైన డేటా, కనుక అంతా మోస్తుంది. చాలామంది ఇమేజ్ తగ్గకపోవడానికి కారణం ఈ మూడో రకమే. కాబట్టి అసలు పని మార్పిడికి ముందే, ఆ వర్చువల్ మెషీన్ లోపలే జరగాలి.

కావలసినవి

లినక్స్ ఉన్న ఒక కంప్యూటర్, దానిలో క్యూఎము (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) సాధనాలు కావాలి. మనం వాడేది క్యూఎము-ఇమేజ్ అనే కమాండు. టైపు చేసేటప్పుడు క్యూ, ఈ, ఎం, యూ, హైఫన్, ఐ, ఎం, జీ అని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. కింద కమాండులన్నీ పలికినట్లు తెలుగులో రాశాను, మీరు ఇంగ్లీషులో కొట్టండి. పెద్ద అక్షరం కావలసిన చోట "పెద్ద" అని రాశాను. దాన్ని తేలికగా తీసుకోకండి. చిన్న ఓ, పెద్ద ఓ వేర్వేరు ఆప్షన్లు.

మూలం ఒక డిస్కులో, గమ్యం మరో డిస్కులో ఉంటే మంచిది. ఒకే హార్డ్ డిస్కు మీద చదవడం, రాయడం రెండూ చేయిస్తే దాని తల అటూ ఇటూ పరుగెత్తడానికే సమయం పోతుంది. యూపీఎస్ తప్పనిసరి. ఈ మార్పిడి మధ్యలో ఆగితే ఆగినచోటి నుంచి కొనసాగదు, మొదటి నుంచి చేయాలి. కరెంటు వచ్చిపోయే చోట ఈ ఒక్క జాగ్రత్త లేక ఎన్ని రాత్రులు వృథా అయ్యాయో నాకు తెలుసు.

1. మెషీన్ లోపల చెత్త తీసేయండి

ముందు అక్కరలేని ఫైళ్ళు, డౌన్‌లోడ్లు తీసేసి రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి. ఆ తర్వాత ఆ జాగా ఖాళీ అయిందని కింది పొరకు, అంటే ఇమేజ్ ఫైలు ఉన్న అసలు కంప్యూటర్‌కు తెలియజేయాలి. ఇలా తెలియజేయడాన్నే డిస్కార్డ్ అంటారు. గది తాళం కౌంటర్‌లో అప్పగించడం లాంటిది ఇది.

లోపల లినక్స్ ఉంటే: ఆ వర్చువల్ డిస్కుకు డిస్కార్డ్ అనే అమరిక అన్‌మ్యాప్ అని ఉందో లేదో చూడండి. ఉంటే మెషీన్‌లో అడ్మిన్ హక్కులతో "ఎఫ్ఎస్‌ట్రిమ్ -ఏవీ" కొట్టండి. ఒక్కో విభాగంలో ఎంత జాగా వదిలిందో చూపిస్తుంది. ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ ఫైల్ సిస్టం మీద వెంటనే రెండోసారి కొడితే 0 అని చూపించవచ్చు. కంగారు పడకండి, ఒకసారి వదిలిన జాగాను అది గుర్తుపెట్టుకుంటుంది, అంతే.

లోపల విండోస్ ఉంటే: మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఎస్‌డిలీట్ అనే సాధనంతో "ఎస్‌డిలీట్ -జెడ్ సీ:" కొట్టండి. ఖాళీ జాగా అంతా సున్నాలతో నింపుతుంది. దానికి ముందు "పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్" కొట్టి హైబర్నేషన్ ఫైలును తొలగించండి. అది అనేక జీబీలు ఉంటుంది, దానిలో ఉండేది సున్నాలు కావు.

హెచ్చరిక: సున్నాలతో నింపే పద్ధతిలో, పెరిగే రకం ఇమేజ్ (లోపల రాసినకొద్దీ పెద్దదయ్యే ఫైలు) ముందు ఉబ్బుతుంది, తర్వాతే తగ్గుతుంది. 500 జీబీ వర్చువల్ డిస్కు కింద మీ అసలు డిస్కులో 100 జీబీయే మిగిలి ఉంటే మధ్యలో డిస్కు నిండి, మెషీన్ ఆగిపోతుంది. డిస్కార్డ్ అన్‌మ్యాప్‌తో పాటు డిటెక్ట్-జీరోస్ కూడా అన్‌మ్యాప్ అని పెడితే ఈ ఇబ్బంది రాదు. రాసే సున్నాలను అక్కడికక్కడే రంధ్రాలుగా మార్చేస్తుంది.

ప్రత్యామ్నాయం: మెషీన్‌ను ఆపేసిన తర్వాత బయటి నుంచే చేయాలనుకుంటే లిబ్‌గెస్ట్‌ఎఫ్ఎస్ సాధనాల్లోని "వర్ట్-స్పార్సిఫై --ఇన్-ప్లేస్" వాడండి. ఈఎక్స్‌టీ రకం విభాగాలకు జీరోఫ్రీ కూడా ఉంది. విభాగాన్ని చదవడానికి మాత్రమే అనుమతించేలా మౌంట్ చేసి వాడాలి. నడుస్తున్న మెషీన్ ఇమేజ్ మీద బయటి నుంచి ఇవేవీ వాడకండి, ఫైల్ సిస్టం పాడైపోతుంది.

ఒక ముఖ్యమైన మినహాయింపు. లోపల డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే సున్నాలు రాసినా బయటికి సున్నాలుగా కనిపించవు, గజిబిజి బైట్లుగానే కనిపిస్తాయి. అక్కడ డిస్కార్డ్ ఒక్కటే దారి. అది కూడా ఎన్‌క్రిప్షన్ పొరలో డిస్కార్డ్‌ను అనుమతించి ఉంటేనే పనిచేస్తుంది.

2. పూర్తిగా ఆపండి

విండోస్‌లో మామూలుగా ఆపితే ఫాస్ట్ స్టార్టప్ వల్ల సగం నిద్రలో ఉండిపోవచ్చు. "షట్‌డౌన్ /ఎస్ /టీ 0" కొట్టి ఆపండి. ఆపిన తర్వాత మళ్ళీ ఒకసారి చూద్దామని ఆన్ చేయకండి. ఆన్ చేసిన ప్రతిసారీ ఏదో ఒకటి రాస్తుంది.

మార్పిడి మొదలుపెట్టగానే ఇమేజ్ లాక్ అయి ఉందని లోపం చూపిస్తే ఎక్కడో మెషీన్ ఇంకా నడుస్తోందని అర్థం. ఆ లాక్‌ను పక్కన పెట్టే ఆప్షన్ ఉంది కాని, దయచేసి ఈ పనికి దాన్ని వాడకండి. నడుస్తున్న డిస్కు నుంచి తీసిన కాపీ సగం నిన్నటిది, సగం నేటిది అవుతుంది.

3. ఎంత అవుతుందో ముందే కొలవండి

"క్యూఎము-ఇమేజ్ ఇన్ఫో పాత-ఫైలు" కొట్టండి. ఫార్మాట్, వర్చువల్ సైజు, డిస్కు సైజు చూపిస్తుంది. మూడింటినీ కాగితం మీద రాసుకోండి, చివర్లో పనికొస్తాయి. అలాగే ఇమేజ్ వెనుక మూల ఇమేజ్ (ఈ ఇమేజ్ మార్పులను మాత్రమే రాసుకుని, మిగతాది చదువుకునే మరో ఫైలు) ఏదైనా ఉందేమో, లోపల స్నాప్‌షాట్లు (ఫలానా సమయానికి డిస్కు ఎలా ఉందో దాచిన ప్రతులు) ఉన్నాయేమో చూడండి. మూల ఇమేజ్ ఉంటే మార్పిడిలో రెండూ కలిసి ఒకే ఫైలు అవుతాయి. లోపలి స్నాప్‌షాట్లు మాత్రం కొత్త ఫైలులోకి రావు.

తర్వాత "క్యూఎము-ఇమేజ్ మెజర్ -పెద్ద-ఓ క్యూకౌ2 పాత-ఫైలు" కొట్టండి. కొత్త ఫైలుకు ఎంత జాగా కావాలో చెబుతుంది. క్యూకౌ2 (క్యూ, సీ, ఓ, డబ్ల్యూ, 2 అని కొట్టాలి) అంటే క్యూఎము వాడే, పెరిగే రకం ఇమేజ్ ఫార్మాట్. ఆ అంకె వర్చువల్ సైజుకు దగ్గరగా ఉంటే రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటో మెట్టు సరిగా జరగలేదు, లేదా సున్నాలు రంధ్రాలుగా మారకుండా సున్నాలుగానే ఉన్నాయి. రెండోదైతే ఇబ్బంది లేదు, మార్పిడిలో అవి రాలిపోతాయి.

మీది రా ఫైలు (డిస్కులోని బైట్లను ఉన్నవి ఉన్నట్లు వరుసగా పెట్టిన ఇమేజ్) అయి, దాన్నే అక్కడికక్కడ తగ్గించాలంటే "ఫాలొకేట్ -డీ పాత-ఫైలు" చాలు. సున్నాల గుట్టలను రంధ్రాలుగా తవ్వేస్తుంది. ఈఎక్స్‌టీ4, ఎక్స్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్‌ల మీద పనిచేస్తుంది. ఒకే ఇమేజ్‌ను పదేపదే మార్చే ల్యాబులవారు ఇది ఒకసారి చేసుకుంటే ప్రతిసారీ చదివే సమయం కూడా మిగులుతుంది.

4. మార్చండి

ఎక్కువమందికి సరిపోయే కమాండు ఇది:

క్యూఎము-ఇమేజ్ కన్వర్ట్ -పీ -ఎఫ్ రా -పెద్ద-ఓ క్యూకౌ2 పాత-ఫైలు కొత్త-ఫైలు

పీ అంటే ఎంత శాతం అయిందో చూపించమని. ఎఫ్ మూలం ఫార్మాట్, పెద్ద ఓ గమ్యం ఫార్మాట్. ఇందులో సున్నాల గుర్తింపు ముందే పనిచేస్తూ ఉంటుంది. 4 కేబీ మేర వరుసగా సున్నాలు కనిపిస్తే ఆ ముక్కను రాయదు. దీన్ని మార్చే ఆప్షన్ పెద్ద ఎస్. "-పెద్ద-ఎస్ 0" అని పెడితే గుర్తింపు పూర్తిగా ఆగిపోయి గమ్యం మొత్తం నిండుతుంది. వేగం పెరుగుతుందని ఎవరో చెప్పగా 0 పెట్టి, ఫైలు ఎందుకు ఉబ్బిందని అడిగినవారు ఉన్నారు. మీకు నిండుగా కేటాయించిన ఫైలే కావాలంటే తప్ప దాని జోలికి వెళ్ళకండి.

అలాగే ప్రీఅలొకేషన్ అనే అమరికకు ఫుల్ లేదా ఫాలొక్ అని పెడితే ఖాళీ జాగాను కూడా ముందే కేటాయిస్తుంది. ఇంతవరకు పడిన శ్రమంతా నీటిపాలే.

దాచిపెట్టడానికే అయితే చిన్న సీ ఆప్షన్ చేర్చి కుదించవచ్చు. ప్రాసెసర్‌కు పని పెరుగుతుంది కనుక సమయం ఎక్కువ పడుతుంది. రోజూ నడిపే మెషీన్‌కు కుదింపు వద్దని నా సలహా. కుదించిన ముక్కలో తిరిగి రాసినప్పుడల్లా అది కుదించని రూపంలో రాస్తుంది, ఫైలు క్రమంగా పెరుగుతుంది.

వర్చువల్‌బాక్స్ వాడేవారు ఫార్మాట్ మార్చకుండా తగ్గించాలంటే ఒకటో మెట్టులో సున్నాలు నింపాక "వీబాక్స్‌మేనేజ్ మోడిఫైమీడియం డిస్క్ ఫైలు-పేరు --కంపాక్ట్" కొడితే చాలు.

5. గమ్యం ఫైలు కాకుండా డిస్కే అయితే

ఇక్కడ నెమ్మదిగా చదవండి. డేటా పోయే ప్రమాదం ఎక్కువగా ఉన్న మెట్టు ఇదే.

కొత్తగా సృష్టించిన ఫైలులో ఇంతకుముందు ఏమీ లేదని సాధనానికి తెలుసు, కనుక సున్నాలు రాయదు. గమ్యం ఎల్‌వీఎం (లినక్స్‌లో డిస్కు జాగాను విభాగాలుగా పంచే ఏర్పాటు) విభాగమో, మొత్తం డిస్కో అయితే అందులో పాతది ఏముందో దానికి తెలియదు. అందుకే సున్నాలు ఉండవలసిన ప్రతిచోటా సున్నా చేసి తీరాలి. దీనివల్లే సమయం పెరుగుతుంది.

గమ్యం ముందే సున్నాలతో ఉందని మీకు ఖచ్చితంగా తెలిస్తే "-ఎన్ --టార్గెట్-ఈజ్-జీరో" అని రెండూ కలిపి ఇవ్వండి. ఈ సౌకర్యం 2020లో వచ్చిన క్యూఎము 5.0 నుంచి ఉంది. చిన్న ఎన్ అంటే గమ్యాన్ని కొత్తగా సృష్టించవద్దని. రెండో ఆప్షన్, గమ్యం ఖాళీ అని మీరు ఇచ్చే మాట. ఆ మాటను సాధనం నమ్ముతుంది, తలుపు తీసి చూడదు. మాట తప్పయితే కొత్త యాత్రికుడి గదిలో పాతవారి సామాను ఉన్నట్లే. సున్నాలు ఉండవలసిన చోట పాత డిస్కు శకలాలు కలిసిపోతాయి. మెషీన్ ఆన్ కావచ్చు కూడా. లోపం నెలల తర్వాత ఏదో ఒక ఫైలులో బయటపడుతుంది. అందుకే దీని గురించి ఇంతగా చెబుతున్నాను.

ఏది నమ్మవచ్చు? కొత్తగా చేసిన, రాసినప్పుడే జాగా తీసుకునే థిన్ ఎల్‌వీఎం విభాగం సున్నాలుగానే చదవబడుతుంది, దాన్ని నమ్మవచ్చు. మామూలు ఎల్‌వీఎం విభాగాన్ని నమ్మకూడదు. ఇప్పుడే సృష్టించినా దాని కింద పాత విభాగపు బైట్లు ఉండవచ్చు. ఎస్ఎస్‌డీకి కేవలం డిస్కార్డ్ పంపి ఊరుకుంటే కూడా చాలదు. డిస్కార్డ్ తర్వాత సున్నాలే చదవబడతాయన్న హామీ అన్ని డిస్కులకూ లేదు. "బీఎల్‌కేడిస్కార్డ్ -జెడ్ డిస్కు-పేరు" కొడితే నిజంగా సున్నాలు నింపుతుంది. ఆ డిస్కులోని సమస్తం పోతుంది కనుక పేరును రెండుసార్లు చూసుకుని ఎంటర్ నొక్కండి.

సరిచూడాలంటే "సీఎంపీ డిస్కు-పేరు /డెవ్/జీరో" కొట్టండి. తేడా ఉన్న బైటు చెబితే గమ్యం ఖాళీగా లేదు. డిస్కు చివరికి చేరిందని మాత్రమే చెబితే అంతా సున్నాలే. ఈ తనిఖీ డిస్కు మొత్తం చదువుతుంది కనుక సమయం పడుతుంది. అంత సమయం లేదంటే టార్గెట్-ఈజ్-జీరో వాడకుండా మామూలుగా మార్చండి. ఒకే మార్పిడికి ఆ ఆప్షన్ మిగిల్చే సమయం, అది తెచ్చే ప్రమాదానికి తగినది కాదు. రోజూ పదుల సంఖ్యలో మార్చేవారికే అది అవసరం.

డిస్కులకు రాసేటప్పుడు పెద్ద డబ్ల్యూ ఆప్షన్ వరుస తప్పి రాయడానికి అనుమతిస్తుంది. "-ఎం 16" ఒకేసారి జరిగే పనుల సంఖ్యను 8 నుంచి గరిష్ఠమైన 16కు పెంచుతుంది. ఇవి ఎస్ఎస్‌డీల మీద ఉపయోగం. తిరిగే డిస్కుల మీద వద్దు. పెద్ద డబ్ల్యూ, కుదింపు కలిసి పనిచేయవు.

6. మరో చోటికి తీసుకువెళ్ళేటప్పుడు

తిరుపతిలో బాగా తగ్గించిన రా ఫైలు చిత్తూరు చేరేసరికి మళ్ళీ 500 జీబీ అయిందని అంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: బయటి డిస్కు ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంది. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టంలు రెండింటికీ రంధ్రాలు తెలియవు. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలునే తీసుకోదు. క్యూకౌ2 తన ఖాళీల పట్టికను తనలోనే రాసుకుంటుంది కనుక ఏ డిస్కులో వేసినా తగ్గినట్లే ఉంటుంది. ప్రయాణానికి క్యూకౌ2నే వాడండి.

రా ఫైలునే పంపక తప్పకపోతే ఎస్‌సీపీ (నెట్‌వర్క్ మీద ఫైలు పంపే కమాండు) వద్దు, అది రంధ్రాలను నింపేస్తుంది. "ఆర్‌సింక్ --స్పార్స్" లేదా "టార్ -పెద్ద-ఎస్" వాడండి. లినక్స్ డిస్కుల మధ్య కాపీకి "సీపీ --స్పార్స్=ఆల్వేస్".

7. ఫలితాన్ని సరిచూడండి

ముందుగా "క్యూఎము-ఇమేజ్ ఇన్ఫో కొత్త-ఫైలు". మీరు రాసుకున్న వర్చువల్ సైజుతో ఇది సరిపోవాలి. రా ఫైలు పరిమాణం చూసేటప్పుడు "ఎల్ఎస్ -ఎల్‌హెచ్" చూపేది పైపై కొలత, "డీయూ -హెచ్" చూపేది డిస్కులో నిజంగా ఆక్రమించిన జాగా. తగ్గలేదని ఫోను చేసినవారిలో కొందరికి నిజానికి తగ్గే ఉంది, వారు చూసింది పైపై కొలత.

తర్వాత "క్యూఎము-ఇమేజ్ చెక్ కొత్త-ఫైలు". ఇది క్యూకౌ2 లోపలి పట్టికలను పరీక్షిస్తుంది. చివరగా అన్నిటికన్నా ముఖ్యమైనది:

క్యూఎము-ఇమేజ్ కంపేర్ -పీ -ఎఫ్ రా -పెద్ద-ఎఫ్ క్యూకౌ2 పాత-ఫైలు కొత్త-ఫైలు

రెండూ ఒకటేనని చెప్పాలి. రంధ్రాన్ని, రాసిన సున్నాలను ఇది ఒకే విధంగా చూస్తుంది, కనుక ఖాళీ తగ్గినందువల్ల తేడా చూపదు.

ఒక్క తప్పును మాత్రం ఈ పోలిక పట్టుకోలేదు. మూలం నిజానికి క్యూకౌ2 అయి ఉండి మీరు అలవాటుగా "-ఎఫ్ రా" అని ఇస్తే, ఆ క్యూకౌ2 ఫైలునే ఒక డిస్కు అనుకుని మరో క్యూకౌ2లో చుట్టేస్తుంది. పోలికలోనూ అదే తప్పు ఇస్తే రెండూ ఒకటేనని చెబుతుంది, మెషీన్ మాత్రం ఆన్ కాదు. వర్చువల్ సైజు రాసుకోమన్నది ఇందుకే. 500 జీబీ ఉండవలసిన చోట 70 జీబీ కనిపిస్తే ఎఫ్ తర్వాత ఏమి ఇచ్చారో చూసుకోండి.

ఆ తర్వాత కొత్త ఇమేజ్‌ను ఆన్ చేయండి. పోలిక ఇంకా పూర్తి కాకపోతే ఆన్ చేయకండి, ఆన్ చేశాక రెండూ ఒకటి కావు. లెక్కల సాఫ్ట్‌వేర్ తెరిచి గత సంవత్సరపు ఒక బిల్లు, ఈ వారపు ఒక బిల్లు చూడండి. ల్యాబ్ ఇమేజ్ అయితే విద్యార్థుల ప్రాజెక్టుల్లో పాతది ఒకటి, కొత్తది ఒకటి తెరవండి. పాత ఇమేజ్‌ను కనీసం ఒక నెల లెక్కలు కొత్తదానిలో ముగిసేవరకు చెరపకండి. జాగా చాలకపోతే ఇంకో డిస్కు కొనండి.